ఏడో నెలలో విన్న పాటలు

ఆ బ్యాండ్‌ను నేను ఐదుసార్లు చూశాను. నాలుగోసారి చూసినప్పుడు పాప నా కడుపులో ఉంది. ఏడో నెల. ఆ నాలుగోసారి సంగతి చాలాకాలం నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. పాప ఇప్పుడే పడుకుంది. మళ్ళీ లేచేలోపు ఎంత రాయగలిగితే అంత రాస్తాను.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నప్పుడు, హాస్టల్‌లో నా గదిలో ఉండే అమ్మాయి నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది. మాది కల్హేర్ దగ్గర పల్లె. రాక్ సంగీతం అంటే జుట్టు విరబోసుకుని అరిచే మగవాళ్ళు గుర్తొచ్చేవారు, అంతే. "నాకు ఒక్క పాట గూడ రాదు, నేనెందుకు?" అన్నాను. "పాటలు వాళ్ళు పాడుతరు. నువ్వు నిలబడు సాలు," అంది.

అప్పటికే ఆ బ్యాండ్‌లోని నలుగురూ కలిసి వాయించడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటిందట. గాయకుడికి బొజ్జ వచ్చింది. గిటార్ ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటే పాట మధ్యలో తల ఎగరేసి వెనక్కి నెట్టుకుంటున్నాడు. బేస్ గిటార్ ఆయన ఆ సాయంత్రమంతా ఒక్క మాట మాట్లాడలేదు. డ్రమ్స్ మొదలవగానే చప్పుడు నా పక్కటెముకల్లోకి వచ్చింది. నడుస్తున్న ట్రాక్టర్ బానెట్ మీద చెయ్యి పెడితే అలాగే అదురుతుంది. చుట్టూ ఆఫీసు బట్టల్లోనే వచ్చినవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు. పాత పాట ఒకటి మొదలవగానే వాళ్ళ ముఖాలు ఒక్కసారిగా లేతబడ్డాయి.

నేను భయస్తురాలిని. గది తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూసే మనిషిని. పరీక్ష బాగా రాసినా హాల్‌టికెట్ నంబరు తప్పు వేశానేమోనని ఫలితాలు వచ్చేదాకా కుమిలేదాన్ని. ఆ సాయంత్రం రెండు గంటలపాటు నా ఆలోచనలు నాకే వినపడలేదు. అది ఎంత హాయో నాలాంటివాళ్ళకే తెలుస్తుంది. బయటికి వచ్చాక చెవుల్లో సన్నగా ఈల మోగుతూ ఉంటే, అది తగ్గిపోకూడదని కూడా అనిపించింది.

రెండోసారి వాన పడింది. మూడో పాటకు కరెంటు పోయింది. మైకు లేకుండా గాయకుడు స్టేజీ అంచుకు వచ్చి పాడాడు. గొంతు మా దాకా చేరలేదు. ముందు వరసలవాళ్ళు ఆయనతో పాడితే, వాళ్ళను విని వెనకవాళ్ళు పాడారు, అలా పాట మా దగ్గరికి కాస్త ఆలస్యంగా వచ్చింది. తడిసిన బట్టల్లో నిలబడి, జలుబు చేస్తుందేమోనని భయపడుతూనే నేనూ పాడాను.

మూడోసారి ఒక అబ్బాయితో వెళ్ళాను. పెళ్ళిచూపులు అయ్యాయి, నేనింకా మాట చెప్పలేదు. అతనిది నారాయణఖేడ్. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, నడిపేది కాలిన బోరుమోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగ్ దుకాణం. ఒకసారి మాట్లాడుకుందామంటే ఆ షోకు రమ్మన్నాను. మధ్యాహ్నం దాకా పనిచేసి అటునుంచి అటే బస్సెక్కి వచ్చాడు. చేతులకు వార్నిష్ వాసన. నాలుగు పాటలు కదలకుండా విన్నాడు. నచ్చలేదేమో అనుకున్నాను. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, "ఆ ఎడమదిక్కు కిందున్న స్పీకర్ కొట్టుకుంటుంది, కోన్ చినిగినట్టుంది. పాపం, ఆ గిటారాయన దిక్కే ఉన్నది," అన్నాడు. అంతసేపూ అంత శ్రద్ధగా వింటున్నాడన్నమాట. ఇంటికి వెళ్ళి సరేనని చెప్పాను.

పెళ్ళయ్యాక నారాయణఖేడ్ వచ్చేశాను. అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆమెకు మెల్లగా మాట్లాడటం రాదు. వాకిట్లో నిలబడి "ఉప్పు తే" అంటే వీధి చివర ఎవరో ఒకరు తలతిప్పి చూస్తారు. మనసు మాత్రం వెన్న. నాకు ఏడో నెల రాగానే, "ఇగ పొలిమేర దాటుడు లేదు, కాన్పయినంక నీ ఇష్టం," అని ఖచ్చితంగా చెప్పింది. దవాఖానకు తప్ప.

సరిగ్గా అప్పుడే ఆ బ్యాండ్ హైదరాబాద్ వస్తోందని తెలిసింది. పాప పుట్టాక ఎప్పుడు వెళ్ళగలనో, అసలు వెళ్ళగలనో లేదో. వద్దులే అన్నాను. నా భర్త నా ముఖం చూసి, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, పట్నంల పెద్ద స్కాన్ తీయాల్నట, రేపు పోయొస్తం," అని చెప్పేశాడు. స్కాన్ వారం కిందే సంగారెడ్డిలో అయిపోయింది. నేను పక్కనే ఉండి ఏమీ మాట్లాడలేదు. ఆ అబద్ధంలో సగం నాది.

గ్రౌండ్‌లో స్పీకర్లకు దూరంగా కూర్చుందామనే వెళ్ళాం. కుర్చీలు ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోబెట్టారు. నాకు దొరికింది స్పీకర్ల వరసకు దగ్గరలో. గాయకుడి గడ్డం పూర్తిగా నెరిసింది. "మోకాళ్ళు నొస్తున్నయి, ఎగరమని అడగొద్దు," అని ముందే చెప్పి అందరినీ నవ్వించాడు. డ్రమ్స్ మొదలవగానే లోపల పాప కదిలింది. ఒక పక్కనుంచి ఇంకో పక్కకు పూర్తిగా తిరిగింది. నేను నా భర్త చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టాను. "డ్యాన్స్ చేస్తుందే!" అని ఇద్దరం నవ్వుకున్నాం. చివరి పాటదాకా ఉన్నాం.

గ్రౌండ్‌లోకి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర చేతికి కట్టిన పచ్చరంగు కాగితం పట్టీ తీయడం మరిచిపోయాను. మర్నాడు అత్తమ్మ చూసి, "ఏందే గిది?" అంది. "దవాఖానల కట్టిండ్రమ్మా," అన్నాడు నా భర్త. అత్తమ్మ ఇంగ్లీషు చదవలేదు. కత్తెరతో దాన్ని జాగ్రత్తగా కత్తిరించి, "ఉండనీ, మళ్ల అడుగుతరు," అని నా రిపోర్టుల ఫైల్లో పెట్టేసింది. ఆమె చూస్తుండగా తీసి పారేసే ధైర్యం నాకు లేకపోయింది. తరువాత కాన్పు హడావిడిలో మరిచేపోయాను.

పాప పుట్టింది. బొద్దుగా, మంచి ఆకలితో, నా భయాలన్నిటికీ సరిపోయేంత చిన్నగా. ఊపిరి పీలుస్తోందా అని చూసుకోవడంతో మొదటి నెలలు గడిచిపోయాయి. ఐదో నెలలో ఒక సాయంత్రం మా వీధిలో పెళ్ళి ఊరేగింపు వచ్చింది. డీజే బండి సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది. కిటికీ రేకులు గలగలమన్నాయి, అల్మారాలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. పాప ఊయలలో నిద్రపోతోంది. కనురెప్ప కూడా కదపలేదు.

"చూసినవా, రాజయోగం దీనిది! బాంబు పేలినా లేవది," అని అత్తమ్మ మురిసిపోయింది.

నేను మాత్రం ఊయల అంచు పట్టుకుని నిలబడ్డాను. గ్రౌండ్‌లో లోపల పాప తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. అది డ్యాన్స్ అని ఎవరు చెప్పారు? చెవులు మూసుకోలేక, తప్పించుకోవడానికి చోటు లేక అటూ ఇటూ పొర్లిందేమో. నేను నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రంనుంచి పళ్ళెం మొదలైంది. పాప వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేదాన్ని. తిరిగితే గుండె నిమ్మళించేది, ఒక అరగంట. మళ్ళీ అనుమానం. నిజంగా చప్పుడుకే తిరిగిందా, నా నీడ చూసి తిరిగిందా? మళ్ళీ కొట్టేదాన్ని. కుడివైపు, ఎడమవైపు, వంటింట్లోంచి, తలుపు చాటునుంచి. మొదటి రోజుల్లో గబుక్కున తిరిగేది. తరువాత తీరిగ్గా తిరిగేది. ఆరో నెల చివరికి వచ్చేసరికి నేను ఎంత గట్టిగా కొట్టినా తన కాలి వేళ్ళు చీకుతూ కూర్చునేది. ఒకసారీ రెండుసార్లూ కాదు, రోజంతా అంతే.

"మోటార్‌కైనా టైమియ్యాలె, ఒక్కతీరుగ స్విచ్ వేసి తీస్తే కాలుతది," అని నా భర్త తేలిగ్గా అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఏ సాయంత్రం గురించి ఆలోచిస్తున్నామో. పేరు పెట్టి అనుకోలేదు. హైదరాబాద్‌లో చెవి పరీక్షకు రోజు ఖరారు చేశాడు. దుకాణంలో ఆ వారం ఆగకుండా మోటార్లు వస్తున్నాయి, అతను మాతో వస్తే రైతులకు నీళ్ళు ఆగిపోతాయి. "నేనొస్త పా," అని అత్తమ్మ సంచీ సర్దింది.

ఆ పరీక్ష పాప నిద్రలో ఉండగా చేయాలట. అందుకు పొద్దుగాల తొందరగా లేపి, అక్కడికి చేరేదాకా కునుకు తీయనివ్వకుండా తీసుకురమ్మన్నారు. నారాయణఖేడ్‌నుంచి హైదరాబాద్‌కు బస్సులో ఎంతసేపో తెలిసినవాళ్ళకు తెలుసు. బస్సు కదలగానే పాప కళ్ళు మూతలు పడ్డాయి.

"పండనియ్యకు! పండనియ్యకు!" అని అత్తమ్మ అరిచిన అరుపుకు డ్రైవర్ బ్రేకు మీద కాలేశాడు.

"ఏమైందమ్మా?"

"పిల్ల పంటుంది!"

"పంటే పండనియ్ తియ్, బస్సెందుకు ఆపమంటివి?"

అత్తమ్మ బస్సు మొత్తానికీ విషయం చెప్పింది. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను. తరువాత జరిగింది చూసి సిగ్గు మరిచిపోయాను. ముందు సీట్లో ముసలాయన తన రుమాలును ఎలుకలా ముడివేసి పాప ముందు ఆడించడం మొదలుపెట్టాడు. కంగ్టి వైపునుంచి పనికోసం పట్నం వెళ్తున్న ఒకావిడ, బట్టల మూట కాళ్ళ కింద తోసి, పాపను ఒళ్ళోకి తీసుకుని, "మల్కోబ్యాడ కూసా, మల్కోబ్యాడ," అని కన్నడంలో నిద్రపోవద్దని బతిమాలింది. జోగిపేట దాటాక కండక్టర్ కూడా వచ్చి టికెట్ మిషన్ చూపించాడు. పాప దాన్ని నాకింది.

"గింతమంది పిలుస్తుండ్రు, అందరి దిక్కు చూస్తుంది. దీనికి సెవులు ఇనబడకపోవుడేంది?" అంది కంగ్టి ఆవిడ.

"మనుషులు కనబడ్తుండ్రు గదా, అందుకే చూస్తుంది," అన్నాను నేను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది.

పరీక్ష గది చిన్నది, గోడలకు మెత్తటి అట్టలు. లోపలికి వెళ్ళిన రెండు నిమిషాల్లో పాప అత్తమ్మ ఒళ్ళో వాలిపోయింది. పరీక్ష చేసే అమ్మాయి నుదుటి మీదా చెవుల వెనకా వైర్లు అంటించి, చెవుల్లో బుల్లి ఇయర్‌ఫోన్లు పెట్టింది. నిద్ర ఇంకాస్త గట్టిపడేదాకా ఆగుదామని, గుసగుసగా ప్రశ్నలు అడుగుతూ కాగితం నింపసాగింది. కాన్పు ఎలా జరిగింది? కామెర్లు వచ్చాయా? కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా ఇబ్బంది?

"అన్ని కాగితాలున్నయి బిడ్డా," అని అత్తమ్మ కాలితో సంచీని ముందుకు తోసింది. ఆ అమ్మాయి ఫైలు తెరిచి ఒక్కో కాగితం తిప్పింది. స్కాన్ రిపోర్టుల మధ్య పచ్చ పట్టీ కనిపించింది.

"ఇదేంటి?"

"పెద్ద స్కాన్ అయినప్పుడు కట్టింది. ఏడో నెలల," అంది అత్తమ్మ. తన శక్తిమేరకు గుసగుసగా.

ఆ అమ్మాయి దాన్ని వెలుతురులో పెట్టి చదివింది. "ఇది దవాఖానది కాదు పెద్దమ్మా. పాటల ప్రోగ్రాంది."

అత్తమ్మ నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నా జవాబుకోసం ఆగింది. పాప చెవుల సంగతి అది. "స్కాన్‌కు పోలేదత్తమ్మా," అన్నాను. "పాటలకు పోయినం. పెద్ద పెద్ద స్పీకర్లు. దగ్గరనే కూసున్న. రెండు గంటలు. లోపల ఇది బాగ కదిలింది. దాంతోనే చెవులు పోయినయేమోనని..."

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది. ఒళ్ళో పాప, పాప తలకు వైర్లు. ఆమె గొంతు బయటికి రావడానికి దారి లేదు. "నీ... నా ముంగట... స్కాన్ అని..." అని బుసలాంటి గుసగుసతో మొదలుపెట్టింది. ఆ అమ్మాయి పెదవుల మీద వేలు పెట్టింది. "పెద్దమ్మా, ఇగ మొదలు పెడుతున్న. అయిపోయేదాంక మాట్లాడొద్దు, కదలొద్దు."

లైటు తగ్గించారు. తెర మీద గీతలు కదులుతున్నాయి. అవి ఏం చెబుతున్నాయో నాకు తెలియదు. ఆ అమ్మాయి ముఖం చూస్తే ఏమీ తెలియడంలేదు. ఆ గదంత నిశ్శబ్దాన్ని నేను ఎప్పుడూ వినలేదు. పాప లోకం ఇలాగే ఉంటుందా అనుకోగానే కన్నీళ్ళు ఆగలేదు. చప్పుడు చేయకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు నా పాదం మీద బరువు పడింది. అత్తమ్మ రెండు చేతులూ పాప కిందే ఉన్నాయి. కుర్చీ కిందనుంచి కాలు జాపి, తన పాదాన్ని నా పాదం మీద పెట్టింది. పొలంలో తిరిగి తిరిగి పగిలిన మడమ, గరుగ్గా ఉంది. పరీక్ష అయ్యేదాకా తీయలేదు.

లైటు వెలిగింది. ఆ అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీస్తూ, "రెండు చెవులూ బాగున్నయి," అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. తెర మీద గీతలు చూపించింది, ఇంత సన్నటి చప్పుడుకు కూడా ఇదిగో ఇక్కడ జవాబు వచ్చింది అంది. ఆ ఒక్క సాయంత్రం గురించి బెంగ పెట్టుకోవద్దంది. "ఇంట్ల ఎట్ల చూసిన్రు, ఇనబడ్తలేదని?"

"వెనకనుంచి పళ్ళెం కొట్టి."

"దినాం ఎన్నిసార్లు?"

నేను చెప్పేలోపే అత్తమ్మ అందుకుంది. "పొద్దటిసంది మాపటిదాంక గదే పని. అన్నం తినే పళ్ళాలన్ని సొట్టలు పోయినయి."

ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. "మరి పాప ఎందుకు తిరుగుతది? మా అమ్మ ఎప్పుడూ కొడుతనే ఉంటదని తెలిసిపోయింది. పట్టించుకుంటలేదు, అంతే."

బయట వరండాలోకి రాగానే అత్తమ్మ పాపను భుజానికెత్తుకుని, "ఇగ మాట్లాడొచ్చునా?" అంది. తలూపాను. ఆపిన గొంతు ఒక్కసారిగా వచ్చింది. వరసలో కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. పాప కూడా ఉలిక్కిపడి లేచి, వాళ్ళ నానమ్మ నోటివైపు కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"నువ్వు పాటలిననీకి పోతే నేనేం జేసిన్నో ఎర్కనా? స్కాన్ మంచిగ రావాల్నని మొక్కిన! బోరంచ పోయి నల్లపోచమ్మకు కోడినిచ్చొచ్చిన! లేని స్కాన్‌కు కోడి పాయె గదనే!"

"తప్పయిందత్తమ్మా."

"తప్పు గాదు, పుంజు! నల్ల పుంజు! ఎంత మంచిగుండె అది."

నేను ఏడుస్తూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపయ్యాక, గొంతు తగ్గించి, "ఏడు నెల్లు గీ గోస లోపల పెట్టుకుంటివా?" అంది. పెళ్ళి ఊరేగింపునుంచి ఏడు నెలలు కాలేదు, రెండే. కానీ నేను దిద్దలేదు. ఆమెకు నా ముఖంలో అంతకాలం కనిపించిందేమో.

బస్టాండుకు వచ్చాక, పాపకు పాలిస్తుంటే, అడ్డంగా నిలబడి తన కొంగు చాటు చేస్తూ అడిగింది. "మళ్ల ఎప్పుడొస్తరు వాళ్ళు, నీ పాటలోళ్ళు?"

"తెల్వదు. ముసలోళ్ళయిండ్రు. వస్తరో రారో."

"వస్తే చెప్పు. అడిగి పో."

వచ్చారు. మొన్న చలికాలంలో. పాపకు అప్పటికి ఏడాది దాటింది. వాకిట్లో నిలబడి, అడిగే వెళ్ళాను. అత్తమ్మ ఇచ్చిన జవాబు వీధి మొత్తానికీ వినిపించింది కాబట్టి, ఆటో ఎక్కేటప్పుడు పక్కింటావిడ కూడా, "పాటలకటనే? మంచిగ ఇనిరా," అని పంపింది.

డ్రమ్స్ దగ్గర ఈసారి ఒక కొత్త మనిషి ఉన్నాడు. పాత ఆయనకు భుజం బాగాలేదని గాయకుడు చెప్పాడు. మేము అందరికంటే వెనక, మంచినీళ్ళ డ్రమ్ముల పక్కన నిలబడ్డాం. మొదటి పాట నాకు ఎక్కలేదు. పాపను విడిచి అంతసేపు ఉండటం అదే మొదటిసారి. పాలు తాగిందో లేదో, జ్వరం వచ్చిందేమో, తలుపు గడియ వేశారో లేదో. రెండో పాట మధ్యలో ఫోన్ చేశాను.

"ఎవలు?" అంది అత్తమ్మ.

"నేనే అత్తమ్మా. ఏంజేస్తుంది?"

"ఇనబడ్తలేదు, గట్టిగ మాట్లాడు!"

"పాప ఏంజేస్తుందీ?" అని అరిచాను. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వారు.

"తిన్నది, ఆడుతుంది. నేను పిలిస్తే వస్తలేదు. ఇనబడే వస్తలేదు, పరేషాన్ గాకు. గా ఫోన్ పెట్టెయ్ ఇగ, పాట పోతుంది."

పెట్టేశాను. ఫోన్ నా భర్త జేబులో వేశాను. గిటార్ ఆయన తల ఎగరేసి కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు, నాకు తెలిసిన పాట మొదలైంది, నేను నాలుగడుగులు ముందుకు వెళ్ళి నిలబడ్డాను.